అన్నిటికీ నో

ఉదయం ఏడున్నరకే లక్ష్మీకాంతానికి రోత పుట్టింది. కారణం ఫ్రీజరు.

తలస్నానం చేసి, తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని, నైవేద్యానికి కొబ్బరి కోరు తీద్దామని తలుపు లాగిందావిడ. కొబ్బరి డబ్బా పక్కన, డబ్బా మీద, డబ్బా వెనకాల పల్చటి ప్లాస్టిక్ సంచులు. వాటి నిండా గడ్డకట్టిన పాలు. ఆవు పాలు కావు, గేదె పాలు కావు. కోడలివి. ఒక్కొక్క సంచి మీదా నల్ల సిరాతో తారీఖు, టైము రాసి ఉన్నాయి.

"ఛీ!" అంది.

ఆ మాట ఆవిడ నోటికి కొత్త కాదు. చీరాల నుంచి అమెరికాలోని ఈ మోరిస్‌విల్ వచ్చి అయిదు వారాలైంది. పాలు తీసే పంపు ముక్కలు అన్నం గిన్నెల పక్కనే ఆరుతుంటే ఛీ. పులిసిన పాల వాసన కొట్టే గుడ్డలు సోఫా మీద కనిపిస్తే ఛీ. నాలుగు రోజులుగా ఒకటే నైటీలో, దువ్వని తలతో కోడలు ఎదురొస్తే, పైకి అనకపోయినా మొహంలో ఛీ. తన భార్య వంటింట్లోకి పిల్లి కూడా కాళ్ళు కడుక్కునే వస్తుందని బ్రహ్మయ్యగారు ఊళ్ళో చెప్పి అందరినీ నవ్విస్తుంటారు. అలాంటి మనిషికి ఈ ఇంట్లో ఊపిరి పీల్చుకోవడమే కష్టంగా ఉంది.

"అమ్మాయ్ భవితా! దేవుడి కొబ్బరి పక్కన ఇవేమిటమ్మా? మైల కాదూ?"

భవిత పడగ్గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. లోపల నాలుగు నెలల ఇషిత గుక్కపట్టి ఏడుస్తోంది. తల్లికి ఆ ఏడుపు వినబడుతున్నట్టే లేదు.

"వేరే చోటు లేదు అత్తయ్యా."

"నిన్న ఇన్ని లేవే?"

"రాత్రి ఇంకో రెండు పెట్టాను. నలభై అయ్యాయి. ఎడమ పక్కవి పాతవి, ముందు అవి వాడాలి. గోరువెచ్చటి నీళ్ళల్లో పెట్టి కరిగించాలి. మైక్రోవేవ్‌లో పెట్టకూడదు. గుర్తుంటుందా మీకు?"

"నువ్వుండగా నాకెందుకే ఆ గోల? ముందు పిల్లనెత్తుకో. ఆ నైటీ మార్చు. చూడలేకపోతున్నాను."

భవిత కళ్ళు దించుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఇంతలో ఫణి చెవులకి హెడ్‌సెట్ తగిలించుకుని రెండో గదిలోంచి తొంగిచూశాడు.

"అమ్మా, పొద్దున్నే స్టార్ట్ చేశావా? నాకు స్టాండప్ ఉంది."

"నిలబడి మాట్లాడుకునే మీటింగని నువ్వే చెప్పావు. ఒక్కరోజైనా నిలబడ్డావట్రా? దుప్పటి ముసుగులోంచే కదా మాట్లాడతావు."

ఫణి నవ్వి తలుపేసుకున్నాడు. వాడి నవ్వు చూస్తే ఆవిడ కోపం సగం చల్లారుతుంది. మిగిలిన సగం కోడలి మీదే. కానుపుకి వియ్యపురాలు సుబ్బులు వచ్చింది. ఆరు నెలలు ఉండవలసిన మనిషి, భర్తకి గుండె ఆపరేషనంటే మూడు నెలలు నిండకుండానే వెళ్ళిపోయింది. ఫ్యాక్టరీలో షిఫ్టు మారినట్టు ఆవిడ విమానం ఎక్కింది, ఈవిడ దిగింది. దిగిన రోజునే అనుకుంది: సుబ్బులు కూతురికి శుభ్రం నేర్పలేదు.

ఆరోజు పదిన్నరకి పిల్లల డాక్టరు దగ్గర ఇషితకి టీకాలు. అక్కడ నర్సు నవ్వుతూ వచ్చి ఒక అట్టా, దానికి క్లిప్పు పెట్టిన కాగితమూ భవిత చేతికిచ్చి ఏదో చెప్పి వెళ్ళింది. భవిత పెన్ను మూత తీసిందో లేదో, ఫణి చెయ్యి చాపి ఆ అట్ట తన ఒళ్ళోకి లాక్కున్నాడు. ఆ ఇంట్లో ఏ కాగితమైనా నింపేది వాడే. వీసాలు, టాక్సులు, ఇన్సూరెన్సు, లైబ్రరీ కార్డు, అన్నీ.

"ఏం కాగితంరా?"

"తల్లి హెల్త్ గురించి అమ్మా. ఊరికే ఫార్మాలిటీ. నిద్ర పడుతోందా, దిగులుగా ఉందా, ఇలాంటివి." టిక్కు, టిక్కు, టిక్కు. పైనుంచి కిందికి ఒకటే గడి వరసన పెన్ను గబగబా దిగిపోతోంది. "నీ వీసా ఫారం గుర్తుందా? ఎవరినైనా చంపారా, బాంబులు పెట్టారా అని అడిగాడు. అన్నిటికీ నో కొట్టామా లేదా? ఇదీ అంతే. ఈ దేశంలో ఎక్కడైనా ఎస్ కొట్టామంటే ఇంకో పది కాగితాలు అడుగుతారు."

లక్ష్మీకాంతం నవ్వింది. చీరాలలో కంప్యూటరు సెంటర్లో కూర్చుని, వీడియోలో కొడుకు ఆ ప్రశ్నలు చదువుతుంటే తను లెంపలు వాయించుకోవడం గుర్తొచ్చింది.

"ఫణీ," అంది భవిత మెల్లిగా. "చివరిది... నేను పెడతాను."

"ఏది?"

భవిత చెయ్యి పెన్ను దాకా వచ్చింది. ఒక్క క్షణం గాలిలో ఆగింది. మళ్ళీ ఒళ్ళోకి వెళ్ళిపోయింది.

"ఏం లేదు."

ఫణి చివరి గడిలోనూ టిక్కు పెట్టాడు. నర్సు కాగితం చూసి బొటనవేలెత్తి మెచ్చుకుంది. పిల్ల సూదికి కెవ్వుమంది. అందరూ ఇంటికొచ్చారు.

ఇంటికొచ్చాక లక్ష్మీకాంతానికి ఆశ్చర్యమైంది. ఆవిడ కాసేపు నడుం వాల్చి లేచేసరికి సింకు అద్దంలా ఉంది. గుడ్డలన్నీ మడతలు పెట్టి ఉన్నాయి. భవిత తలస్నానం చేసి, శుభ్రమైన చుడీదార్ వేసుకుని, బొట్టు పెట్టుకుని ఉంది. అమ్మయ్య, ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందనుకుంది ఆవిడ. ఫణి రెండో గదిలో తలుపేసుకుని ఆఫీసు మాటల్లో ఉన్నాడు. పిల్ల నిద్రపోతోంది.

"అత్తయ్యా, ఇది చదవగలరా? అక్షరాలు పెద్దగా రాశాను."

ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం. ఇంగ్లీషు కాదు, తెలుగు. అలవాటు తప్పిన చేత్తో, బడిపిల్ల కాపీరాతలా దిద్దిన తెలుగు. లక్ష్మీకాంతం పదో తరగతి దాకా చదువుకుంది. కళ్ళజోడు సర్దుకుని ఒక్కో మాటా చదివింది. పాలు ఎన్ని గంటలకి. టీకాలు మళ్ళీ ఎప్పుడు. జ్వరం వస్తే ఏ నంబరు. చివర్లో ఇలా ఉంది: "రాత్రి ఏడిస్తే కుడి భుజం మీద వేసుకోండి. నా నీలం చున్నీ ఉతక్కుండా ఉంచాను. అది పక్కన పెడితే ఆ వాసనకి ఊరుకుంటుంది."

ఆ చున్నీయే మొన్న రెండు వేళ్ళతో ఎత్తి, మొహం పక్కకి తిప్పుకుని, ఉతికే బట్టల్లో పడేసింది తను. ఇది దాన్ని మళ్ళీ తీసి దాచిందన్నమాట.

"ఈ దుద్దులు ఇషితకి ఉంచండి అత్తయ్యా," అంటూ భవిత చెవులవి తీసి గట్టు మీద పెట్టింది.

లక్ష్మీకాంతం దుద్దుల్ని చూసింది. కాగితాన్ని చూసింది. నలభై సంచులు కళ్ళముందు కదిలాయి. ఊరెళ్ళేవాళ్ళు చేసే పనులివి. కానీ ఊరికి టిక్కెట్టేదీ? తిట్టబోయిన నోరు తిట్టలేదు.

"ఎక్కడికి పోతున్నావే?"

"ఎక్కడికీ లేదు."

"భవితా. నా మొహం చూడు. చచ్చిపోదామనుకుంటున్నావా?"

అశుభం పలికితే తథాస్తు దేవతలు వింటారని నమ్మే మనిషి ఆవిడ. కానీ అడక్కపోతే ఏమయ్యేదో ఆవిడకి ఆ తర్వాత భవిత మొహమే చెప్పింది. అయిదు వారాల్లో మొదటిసారి ఆ కళ్ళు ఎదుటి మనిషిని చూశాయి.

"అవునత్తయ్యా."

"ఎప్పుడు?"

"రేపు... మీరు గుడికెళ్ళినప్పుడు."

ఎలాగన్నది కూడా చెప్పింది. అది లక్ష్మీకాంతం ఆ తర్వాత ఎవరితోనూ అనలేదు. ఆ క్షణంలో మాత్రం కోడలి రెండు మణికట్లూ పట్టుకుని నేల మీద కూలబడింది.

"ఎందుకే? మేమేం తక్కువ చేశామే?"

"మీరేం చెయ్యలేదు. నాకే నన్ను చూస్తే అసహ్యం. ఒళ్ళంతా పాల కంపు. పిల్ల ఏడిస్తే నాకు ప్రేమ రావట్లేదు అత్తయ్యా, రాయిలా ఉంటున్నాను. దీనికి నాలాంటి తల్లి ఉండటంకన్నా... మీరు పొద్దున్నే ఛీ అంటారు కదా. నాకూ అద్దంలో అదే మాట వినబడుతుంది. మీరు కరెక్టే కదా అనుకుంటాను."

తన నోట్లోంచి రోజూ ఊడిపడే ఆ ఒక్క అక్షరాన్ని ఈ పిల్ల ఏరుకుని దాచుకుందా? పాల వాసన మీద పుట్టిన రోత అంతా ఇప్పుడు తన నాలిక మీదికి వచ్చి కూర్చుంది. ఉమ్మేద్దామన్నా పోయేలా లేదు.

ఏడుస్తూ కూర్చునే టైము కాదని మాత్రం తెలిసింది. పిల్లల డాక్టరు దగ్గర ఇచ్చిన కాగితాలు డైపర్ల సంచీలోంచి లాగింది. ఒకదాని మీద తల వంచుకున్న తల్లి బొమ్మ, దానికింద పెద్ద అంకెలు: 988. అంకెలు చదవడానికి ఇంగ్లీషు అక్కర్లేదు.

"ఇది ఎవరిదే?"

"ఇలాంటప్పుడు... మాట్లాడతారు. నాకు తెలుసు. ఆ నంబరు మూడుసార్లు కొట్టాను, రింగవకుండానే పెట్టేశాను."

"ఇప్పుడు నేను కొడతాను. నువ్వు నా పక్కనుంచి కదలకు."

ఫోనులో ఎవరో ఆడమనిషి ఇంగ్లీషులో పలికింది. లక్ష్మీకాంతం, "తెలుగు. తెలుగు ప్లీజ్. మా కోడలు," అంది. ఏదో సంగీతం. నాలుగైదు నిమిషాలు. ఆ నాలుగైదు నిమిషాలూ కోడలి చున్నీ కొంగు గుప్పిట్లో బిగించి పట్టుకునే ఉంది. అప్పుడొచ్చింది ఇంకో గొంతు.

"నమస్తే అమ్మా. నేను తెలుగుల చెప్తా. మీరు చెప్పింది ఆ మేడమ్‌కి ఇంగ్లిష్‌ల చెప్తా. మీ కోడలు ఇప్పుడు మీ దగ్గరనే ఉన్నదా? ఏమన్న చేసుకున్నదా?"

"నా పక్కనే ఉందమ్మా. ఏమీ చేసుకోలేదు. చేసుకుంటానంటోంది."

"మీరు అడిగింది చాలా మంచిపని అంటున్నరు మేడమ్. ఆమెతోని మాట్లాడొచ్చా? ఆమెను ఒంటరిగా మాత్రం వదలకుండ్రి."

భవిత ఫోను తీసుకుంది. మొదట ఒక్కొక్క ముక్క. తర్వాత ఏడుపు. తర్వాత ధారగా మాటలు. నలభై నిమిషాలు మాట్లాడింది. మధ్యలో ఇషిత లేచింది. లక్ష్మీకాంతం ఒక చేత్తో పిల్లని ఎత్తుకుని కుడి భుజం మీద వేసుకుంది. నీలం చున్నీ తెచ్చి పిల్ల చెంప కింద పెట్టింది. పిల్ల ముక్కు దానికేసి రుద్దుకుని ఊరుకుంది. మొన్న తను మొహం తిప్పుకున్న వాసన అది.

అప్పుడు తలుపు తెరుచుకుంది.

"లంచ్ ఏమైనా..." ఫణి ఆగిపోయాడు. భార్య నేల మీద కూర్చుని ఫోనులో ఏడుస్తోంది. "ఏమైంది? ఎవరితో మాట్లాడుతోంది?"

భుజాన పిల్లతోనే లక్ష్మీకాంతం వాణ్ణి రెండో గదిలోకి నెట్టింది. తలుపు మాత్రం తెరిచే ఉంచింది, భవిత కనబడేలా.

"పొద్దున ఆ కాగితంలో చివరి ప్రశ్న ఏమిట్రా?"

"ఏ కాగితం?"

"నువ్వు టిక్కులు కొట్టిన కాగితం!"

ఫణి చెవుల మీది హెడ్‌సెట్ తీసేశాడు. "చనిపోవాలని... అలాంటి ఆలోచనలు వస్తున్నాయా అని."

"నీకు తెలుసా, తెలీదా?"

"పోయిన నెల ఒకసారి అంది. నేను లేకపోతే బావుండునని. హార్మోన్స్ అనుకున్నానమ్మా. ఫ్రెండ్స్ వైఫులందరూ ఏడుస్తారట."

"తెలిసి కూడా నో కొట్టావా?"

"ఎస్ అని పెడితే ఎవరో వచ్చి పాపని తీసుకెళ్ళిపోతారని మా వాట్సాప్ గ్రూప్‌లో రాశారమ్మా! పైగా రికార్డ్‌లోకి ఎక్కుతుంది. మా గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. ఎక్కడ ఏం అడ్డం పడుతుందో నీకు తెలీదు."

"నాకు తెలీదు. పదోక్లాసు దాన్ని." ఆవిడ గొంతు పెంచలేదు. పిల్ల భుజం మీద ఉంది. "ఆ కార్డు దీన్ని ఎత్తుకుంటుందా? దీనికి పాలిస్తుందా? ఒరే ఫణీ, నిన్ను కన్నాను, పెంచాను, నీ ముక్కు తుడిచాను, నీ మలమెత్తాను. ఎప్పుడూ నీ మీద రోత పుట్టలేదు. ఇవాళ పుట్టింది."

ఫణి గోడకి ఆనుకుని అలాగే జారి కూర్చున్నాడు.

"భయమేసిందమ్మా," అన్నాడు చిన్నపిల్లాడిలా. "ఎస్ కొడితే అది నిజమైపోతుందేమోనని భయమేసింది."

ఈ మాట లక్ష్మీకాంతానికీ వర్తిస్తుంది. అయిదు వారాలుగా తను మాత్రం కళ్ళు తెరిచి ఏం చూసింది? నైటీని చూసింది.

"లే. ఏడవడానికి తర్వాత టైముంది. దాని కానుపు చేసిన డాక్టరుకి ఫోన్ చెయ్. పొద్దున కాగితం తప్పు రాశానని నీ నోటితో నువ్వే చెప్పు."

ఫణి చెప్పాడు. స్పీకర్ పెట్టి, భవిత చేయి పట్టుకుని, మాట తడబడుతూ చెప్పాడు. మూడు గంటలకి రమ్మన్నారు. బయల్దేరేలోగా 988 ఫోనులో ఆవిడ చెప్పినట్టు, ఇంట్లో భవితకి అందకూడని వస్తువులన్నీ ఫణి ఒక పెట్టెలో సర్ది, తాళం వేసి, పక్క ఊరు క్యారీలో ఉండే స్నేహితుడి ఇంటికి పంపేశాడు. ఎందుకని అడిగిన స్నేహితుడికి అబద్ధం చెప్పలేదు. ఆరోజు వాడు చేసిన మంచి పనుల్లో అదొకటి.

కారులో వెనకసీట్లో కోడలి పక్కన కూర్చుని లక్ష్మీకాంతం లోలోపల దేవుడితో మాట్లాడుకుంది. అలమరలో తను రోజూ పూజించేది పాకే బాలకృష్ణుణ్ణి. పాలు తాగే దేవుణ్ణి నెత్తిన పెట్టుకుని, పాలని మైలన్నాను. నువ్వడిగావా స్వామీ ఆ మడి? లేక నేనే కట్టుకుని నీ పేరు పెట్టానా? జవాబు రాలేదు. ఎప్పుడూ అంత తొందరగా రాదని ఆవిడకి తెలుసు.

డాక్టరు దగ్గర మళ్ళీ అట్ట, మళ్ళీ అదే కాగితం. ఫణి చెయ్యి అలవాటుగా ముందుకు కదిలింది. తల్లి ఫట్టుమని దాని మీద కొట్టింది.

"అది దాని కాగితం."

భవిత ఒక్కతే నింపింది. చివరి ప్రశ్న దగ్గర పెన్ను చాలాసేపు ఆగింది. ఈసారి గాలిలో కాదు, కాగితం మీదే ఆగింది. తర్వాత టిక్కు పెట్టింది. పొద్దున ఫణి పెట్టిన గడిలో కాదు.

డాక్టరు పెద్ద వయసావిడ. కాగితం చూసి కంగారుపడలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని భవితతో చాలాసేపు మాట్లాడింది. పిల్లని ఎవరూ తీసుకెళ్ళరని, ఇది కానుపు తర్వాత ఎంతోమంది తల్లులకి వచ్చే జబ్బేనని, తగ్గుతుందని ఫణి తర్వాత తల్లికి తెలుగులో చెప్పాడు. పాలిస్తూ కూడా వేసుకోదగ్గ మందు రాసింది. వారానికి రెండుసార్లు రమ్మంది. ఈ పదిహేను రోజులూ పక్కన ఒక మనిషి ఉండాలంది. భయం ముంచుకొస్తే ఏం చెయ్యాలో, ఎవరిని పిలవాలో భవిత చేతే ఒక కాగితం రాయించింది. ఆఖర్న 988 ఉంది. దానికి ముందు రెండు ఖాళీ గీతలు.

"అత్తయ్యా, ఒక గీత మీద మీ పేరు రాయనా?"

"నా పేరా?" ఆవిడకి నమ్మబుద్ధి కాలేదు. "నేను అన్న మాటలకి..."

"మీరే కదా అడిగారు."

రాసింది. రెండోదాని మీద ఫణి పేరు. ఫణి తన పేరు అక్కడ చూసుకుని అప్పుడు ఏడ్చాడు.

ఆ రాత్రి పిల్లని అత్తగారే పక్కలో వేసుకుంది. పొద్దున్నే లక్ష్మీకాంతం స్నానం చేయకుండా వంటింట్లోకి వచ్చింది, పెళ్ళయిన నలభై ఏళ్ళలో మొదటిసారి. సింకులో పంపు ముక్కలు కడుగుతోంది. ఫణి పక్కన నిలబడి సీసాలు తుడుస్తున్నాడు. వాడి మీద రోత పూర్తిగా పోలేదు, తన మీదా పోలేదు. పోనక్కర్లేదనే అనుకుంది, కొన్నాళ్ళు ఉంటే మంచిదే.

భవిత గుమ్మంలో నిలబడింది. అదే నైటీ. తల చెదిరి ఉంది. చెంప మీద దిండు ముడతల గీతలు.

"ఎనిమిదైందా? ఇషిత లేవలేదా రాత్రి?"

"రెండుసార్లు లేచింది. ఎడమ పక్కవి రెండు సంచులు కరిగించాను. గోరువెచ్చటి నీళ్ళల్లోనే, మైక్రోవేవ్‌లో కాదు. ముప్పై ఎనిమిది మిగిలాయి."

"అవి..." భవిత ఆగింది. "అవి నేనున్నప్పుడు వాడటానికి పెట్టలేదు అత్తయ్యా."

"తెలుసు. కానీ అవి ఇప్పుడు నువ్వు నిద్రపోవడానికి."

భవిత కుర్చీలో కూర్చుంది. లక్ష్మీకాంతం చేతులు తుడుచుకుని ఎదురుగా కూర్చుంది. ఫ్రిజ్ మీద పాత కాగితం లేదు, డాక్టరు దగ్గర రాసిన కాగితం ఉంది. దాంట్లో ఉన్నట్టే, రోజూ అడగాల్సిన ప్రశ్న ఆవిడ అడిగింది. గొంతు వణక్కుండా అడగడం రాత్రంతా నేర్చుకుంది.

"ఇవాళ ఉందా ఆ ఆలోచన?"

ఫణి చేతిలో సీసా ఆగిపోయింది.

భవిత టేబులు మీద తన వేళ్ళు చూసుకుంది. నో అనడం ఎంత తేలికో ఆ గదిలో ముగ్గురికీ తెలుసు.

"ఉందత్తయ్యా."

లక్ష్మీకాంతం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా చెయ్యి చాచి, పాల వాసన కొడుతున్న ఆ దువ్వని తలని తన భుజానికి, కుడి భుజానికి, ఆనించుకుంది.

"సరే. చెప్పావు కదా. నేనిక్కడే కూర్చుంటాను."